పాత కంప్యూటర్‌ను మూలన పడేయకండి: ముందు డిస్కు మార్చండి

ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలకు, రిపేరు షాపుల వారికి, స్కూళ్లు, కాలేజీల యాజమాన్యాలకు విజ్ఞప్తి



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. దాంతో చాలామందికి షాపులో ఒకటే మాట వినపడుతోంది: "మీ సిస్టం పాతదైపోయిందండీ, బోర్డు మార్చాలి, లేదంటే కొత్తది తీసుకోండి." స్లో అయిందని పట్టుకెళ్లినా అదే జవాబు. డిగ్రీ చదివే అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టుకో, నాన్న కిరాణా కొట్టు లెక్కలకో వాడుకునే మెషీను అది. అప్పు చేసి కొత్తది కొనేవాళ్లు కొందరు, కొనలేక ఉన్నదాన్ని గుడ్డ కప్పి వదిలేసేవాళ్లు మరికొందరు. ఈ రెండూ ఆగాలనే ఈ కరపత్రం.

డెస్క్‌టాప్ నెమ్మదించిందంటే మొదట హార్డ్ డిస్కు మార్చి ఎస్ఎస్‌డీ (సాలిడ్ స్టేట్ డ్రైవ్) వేయాలి. మదర్‌బోర్డు జోలికి చిట్టచివరనే వెళ్లాలి.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసర్ పది, పదిహేను శాతం దగ్గరే ఉండి, డిస్క్ అన్న చోట మాత్రం నిమిషాల తరబడి 100 శాతం కనపడుతోందా? అయితే ప్రాసెసర్‌కు ఏ లోపమూ లేదు, అది డిస్కు కోసం ఎదురుచూస్తోంది. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరగాలి, దాని మీద హెడ్ అటూ ఇటూ కదిలి ఒక్కో ముక్కనూ వెతకాలి. వెతికిన ప్రతిసారీ సుమారు పది మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న వెతుకులాటలు వేలల్లో ఉంటాయి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే పని మిల్లీసెకనులో పదోవంతులోనో, ఇంకా తక్కువలోనో అయిపోతుంది. పాత హెచ్61 బోర్డుల సాటా పోర్టు వేగం 3 గిగాబిట్లే అయినా తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

విండోస్‌కూ మామూలు సాఫ్ట్‌వేర్‌కూ 256 జీబీ చాలు. ఫొటోలు, సినిమాలు పాత డిస్కులోనే ఉండనివ్వండి. పాత బోర్డుకు రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తీసుకోవడం క్షేమం. ఎం.2 స్లాట్ కనపడగానే ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ కొనేయకండి. కొన్ని స్లాట్లు సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్ని పాత బోర్డులు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావు. కొన్ని వందల రూపాయలకే 2 టీబీ అని అమ్మేవి నకిలీలు, వాటిలో పెట్టిన ఫైళ్లు మళ్లీ చేతికి రావు.

ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయండి. డీడీఆర్3కీ డీడీఆర్4కీ గాడి వేరు, ఒకదాని చోట ఇంకొకటి దిగదు. పాతది విప్పి చేత్తో పట్టుకెళ్లండి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి, ఉన్న ర్యామ్‌ను వదులుకోవడం ఇప్పుడు మరీ నష్టం.

బోర్డు మార్చమనే సలహా మీద మా అభ్యంతరం కూడా ఇక్కడే. బోర్డు ఒక్కటే మారదు. కొత్త బోర్డుకు పాత ప్రాసెసర్ సరిపోదు. ప్రాసెసర్ మారితే చాలాసార్లు ర్యామ్ మారాలి, ఒక్కోసారి పవర్ సప్లయి కూడా. మెషీనుతో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు పాత బోర్డుకే ముడిపడి ఉంటుంది, అదీ పోతుంది. బ్రాండెడ్ డెస్క్‌టాప్ అయితే ఇంకో చిక్కు. వాటిలో చాలావాటికి పవర్ కనెక్టరూ, ముందు ప్యానెల్ పిన్నులూ కంపెనీ సొంత పద్ధతిలో ఉంటాయి. బజారులో దొరికే బోర్డు ఆ క్యాబినెట్‌లో కూర్చోదు.

ఇలాగే ఉండాలని ఏమీ లేదు. 2017 నాటి ఏఎం4 సాకెట్ బోర్డులు చాలావాటిలో బయోస్ అప్‌డేట్ చేస్తే, 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లు పనిచేస్తాయి. అదే ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సాకెట్‌లో పిన్నుల సంఖ్య ఒకటే అయినా, ఆరు, ఏడో తరం బోర్డులు ఎనిమిదో తరాన్ని తీసుకోవు. సాకెట్ ఎన్నాళ్లు నడవాలన్నది కంపెనీ నిర్ణయం, దాని ఖర్చు మాత్రం మన జేబులోంచి పోతోంది.

బోర్డు నిజంగానే పోయిందా? తేదీ మాటిమాటికీ వెనక్కి పోతుంటే సీఆర్2032 బ్యాటరీ మారిస్తే సరిపోతుంది. కెపాసిటర్ల తలలు ఉబ్బితే చిప్ లెవల్ సర్వీసు చేసేవారు అవి మార్చగలరు. అదీ కుదరకపోతే అదే సాకెట్‌కు సెకండ్ హ్యాండ్ బోర్డు కోసం అడగండి. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో వెతికితే దొరుకుతాయి.

విండోస్ 10 సంగతి. వ్యక్తిగత వాడకానికి ఈఎస్‌యూ (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం) కింద 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లకు వీలుంది. ఆ తర్వాత చదువుకూ బ్రౌజింగుకూ లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది, తెలుగు టైపింగూ ఉంది. ట్యాలీ వాడేవారికి మాత్రం విండోస్ తప్పదు. వారి ఖర్చు లెక్క వేరు.

పాత డిస్కు షాపులో వదిలి రాకండి. దాంట్లో మీ ఆధార్, పాన్ కాపీలు, పిల్లల ఫొటోలు ఉంటాయి. డిలీట్ కొట్టినంత మాత్రాన చెరిగిపోవు. బాగానే పనిచేస్తుంటే యూఎస్‌బీ కేసులో పెట్టించుకుని బ్యాకప్‌కు వాడుకోండి.

షాపుల వారిని మేం కోరేది: ఏ భాగం పోయిందో, ఏ పరీక్షలో తేలిందో చీటీ మీద రాసివ్వండి, తీసిన ప్రతి భాగమూ కస్టమర్ చేతికివ్వండి. స్కూళ్లు, కాలేజీల వారు ల్యాబుకు కొత్త మెషీన్ల టెండరు పిలిచే ముందు ఒక్క పాత మెషీనులో ఎస్ఎస్‌డీ వేసి విద్యార్థుల చేత వాడించి చూడండి.

ప్రభుత్వాన్ని అడిగేది పెద్దది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత సామాను రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి. చెత్తయ్యాక ఏం చేయాలన్నది సరే, చెత్త కాకుండా చూసే నియమం కావాలి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. పోర్టల్ చాలదు. దేశంలో అమ్మే ప్రతి డెస్క్‌టాప్‌కూ ప్రామాణిక పవర్ కనెక్టర్ ఉండాలనీ, విడిభాగాలూ రిపేరు మాన్యువలూ ఎన్నేళ్లు దొరుకుతాయో పెట్టె మీదే అచ్చు వేయాలనీ చట్టం చేయాలి. ఈ డిమాండుతో మీ ఎమ్మెల్యేకూ, ఎంపీకీ ఉత్తరం రాయండి. ఈ కాగితం చదివాక మీ వీధిలో కంప్యూటర్ ఉన్న ఇంకో ఇంటికి ఇవ్వండి.