పారే నీటి పురుగు, నిలిచిన నీటి పురుగు

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట ఉన్న యానాం పరిసరాల్లో నీటికి తొందర లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు డెల్టా అంతటా అల్లుకున్న తరువాత, చేలకు పెట్టిన నీరు మురుగు కోడుల్లోకి దిగి, సముద్రపు పోటుకు ఎదురై, ఎక్కడికక్కడ నిదానిస్తూ కడలిని చేరుతుంది. ఇక్కడి జబ్బుల చరిత్రలో ఈ నిదానానికి పెద్ద పాత్రే ఉంది. ఆఫ్రికాలో ఊళ్లకు ఊళ్లనే చీకటి చేసిన ‘రివర్ బ్లైండ్‌నెస్’ యానాంలోనే కాదు, భారతదేశంలోనే ఎక్కడా స్థిరపడలేదు. దానికి దగ్గరి చుట్టమైన బోదకాలు మాత్రం గోదావరి జిల్లాల్లో తరతరాలుగా తిష్ట వేసింది. అయినా ఈ రెండు జబ్బుల మీద జరిగిన పరిశోధన ఒకదానికొకటి బాకీపడుతూనే సాగింది, ఆ లెక్కలో గోదావరి సీమకూ వాటా ఉంది.

రివర్ బ్లైండ్‌నెస్‌కు వైద్యశాస్త్రం పెట్టిన పేరు ఆంకోసెర్కియాసిస్. ఆంకోసెర్కా వాల్వులస్ అనే దారపు పోగులాంటి పురుగు దానికి కారణం. ఈ పురుగును మోసే సిమ్యులియం జాతి నల్ల ఈగ రాళ్ల మీదుగా ఉరికే ఏటి నీటిలోనే గుడ్లు పెడుతుంది, దాని పిల్లపురుగులకు ప్రాణవాయువు దండిగా కలిసిన పారే నీరు కావాలి గనుక. ఏటి ఒడ్డున సారవంతమైన భూములను సాగుచేసుకునేవారే కళ్లు పోగొట్టుకోవడం వల్ల జబ్బుకు ఏటి పేరు వచ్చింది. 1875లో గోల్డ్ కోస్ట్‌లో జాన్ ఓనీల్ రోగుల చర్మంలో పురుగు పిల్లలను చూశాడు, 1915లో గ్వాటెమాలాలో రొడాల్ఫో రోబ్లెస్ వాటికీ కంటి జబ్బుకూ సంబంధం ఉందని గ్రహించాడు, 1926లో సియెరా లియోన్‌లో బ్లాక్‌లాక్ నల్ల ఈగ పాత్రను తేల్చాడు.

ఆడ పురుగు చర్మం కింది కంతుల్లో పది పదిహేనేళ్లు బతికి, రోజుకు వెయ్యి దాకా పిల్లలను కంటుంది. మైక్రోఫైలేరియా అనే ఈ సూక్ష్మజీవులు చర్మమంతా పాకి దురద పుట్టించి, చివరికి కంటిని చేరతాయి. విచిత్రమేమిటంటే, అవి బతికున్నంత కాలం కంటికి పెద్ద హాని లేదు. చచ్చిన తరువాతే వాపు పుట్టి కంటి నల్లగుడ్డు మీది పారదర్శకపు పొర మసకబారుతుంది. పురుగు ఒంట్లో కాపురముండే వొల్బాకియా అనే బాక్టీరియా అప్పుడు బయటపడి ఈ వాపును రేపుతుందని ఇటీవలి దశాబ్దాల పరిశోధన చెప్పింది. ఆ బాక్టీరియా లేనిదే పురుగుకూ మనుగడ లేదు కాబట్టి, దాన్ని చంపే డాక్సీసైక్లిన్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే తల్లి పురుగు గొడ్డుబోయి క్రమంగా చస్తుంది. అయితే అన్ని వారాల పాటు ఊరందరి చేతా రోజూ మందు మింగించడం ఆచరణలో కుదిరే పని కాదు.

బోదకాలు కథ ఇందుకు తలకిందులు. దాని పురుగు వుచరేరియా బ్యాంక్రాఫ్టీ చర్మంలో కాక రసినాళాల్లో ఉంటుంది, పిల్లలు రాత్రి పూటే రక్తంలోకి వస్తాయి, మురికిగుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమ వాటిని మోస్తుంది. గజ్జల్లో బిళ్లకట్టి జ్వరం రావడం, కాలు లావెక్కడం, మగవారిలో వరిబీజం దాని గుర్తులు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ ఒకటి రాజమహేంద్రవరంలో ఉండి ఫైలేరియా శిక్షణ, పరిశోధన సాగించడం ఈ నేల మీద ఆ వ్యాధి బరువు ఎంతటిదో చెబుతుంది.

దీని మీద మొదటి గట్టి మందు కూడా ఒక గోదావరి బిడ్డ పర్యవేక్షణలోనే పుట్టింది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో పరిశోధన విభాగాన్ని నడిపిన కాలంలో, 1947లో డైఈథైల్‌కార్బమజీన్, క్లుప్తంగా డి.ఇ.సి., వెలుగుచూసింది. యానాంలాగే ఒకప్పటి ఫ్రెంచి సీమ అయిన కారైకాల్‌లో 1980లలో దాన్ని వంట ఉప్పులో కలిపి వాడించి చూశారు. రివర్ బ్లైండ్‌నెస్ రోగికి మాత్రం అదే మందు ప్రమాదకరం: పిల్లపురుగులన్నీ ఒక్కసారిగా చావడంతో గంటల్లోనే తీవ్రమైన దురద, జ్వరం పుట్టి కళ్లు మరింత చెడతాయి. 1948లో మెక్సికోలో దీన్ని వర్ణించిన మజ్జొట్టి పేరే ఆ ప్రతిచర్యకు స్థిరపడింది.

ఆ చిక్కును విప్పినది ఐవర్‌మెక్టిన్. జపాను మట్టిలో సతోషి ఒమురా కనుగొన్న సూక్ష్మజీవి నుంచి విలియం క్యాంప్‌బెల్ బృందం రాబట్టిన ఈ మందును 1981లో డాకర్‌లో తొలిసారి రోగులకు ఇచ్చి చూశారు, 1987 నుంచి మెర్క్ సంస్థ ఉచితంగా ఇస్తోంది. 2015లో ఆ ఇద్దరికీ నోబెల్ దక్కింది. తల్లి పురుగును చంపలేకపోయినా పిల్లలను నెమ్మదిగా తొలగించడమే దీని సుగుణం, అందుకే ఏళ్ల తరబడి ఏటేటా వేసుకోవాలి. అంతకుముందే, 1974లో మొదలై 2002లో ముగిసిన పశ్చిమాఫ్రికా పథకం హెలికాప్టర్లతో నదుల మీద పురుగుమందు చల్లించి నల్ల ఈగను అదుపు చేసింది. 2025 జనవరిలో నైజర్ ఈ వ్యాధిని నిర్మూలించిన తొలి ఆఫ్రికా దేశంగా గుర్తింపు పొందింది.

ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్‌కు వాడిన ఆ మందే ఇప్పుడు బోదకాలు మీదికి వచ్చింది. ఐవర్‌మెక్టిన్‌ను డి.ఇ.సి., ఆల్బెండజోల్‌తో కలిపి ఒకేసారి ఇచ్చే పద్ధతి ఎంత సురక్షితమో ఐదు దేశాల్లో 26 వేల మందికి పైగా పరీక్షించగా, భారత్‌లో ఆ భారాన్ని పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కర్ణాటకలోని యాదగిరిలో మోసింది. మూడు మందుల పద్ధతి భారత్‌కు సాధ్యమైంది ఇక్కడ రివర్ బ్లైండ్‌నెస్ లేకపోవడం వల్లనే. రెండు పురుగులూ ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో డి.ఇ.సి. జోలికి పోకూడదు. పరాయి జబ్బుపై పరిశోధన మనకెందుకన్న మాట ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

దేశంలో బోదకాలు నిర్మూలనకు పెట్టుకున్న గడువు 2015 నుంచి పదేపదే జరిగి 2027కు చేరింది. ఇంటికి వచ్చిన మాత్రలను అల్మరాలో దాచినంత కాలం ఆ గడువు జరుగుతూనే ఉంటుంది. మందులు పంచే ఊళ్లలోని వారు భోజనం చేసి, ఆరోగ్య కార్యకర్త ఎదుటే వాటిని మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి మాత్రం వాటిని ఇవ్వరు.