చాంతాడంత స్విచ్‌కు బదులు ఒక పట్టిక

కొన్నేళ్ళ క్రితం ఒక పంపు పర్యవేక్షణ ప్రోగ్రాంను పరీక్షిస్తున్నాము. బేరింగు ఉష్ణోగ్రత హద్దు దాటిన 5 సెకన్లకు మోగవలసిన అలారం 85 సెకన్లకు మోగినది. సెట్టింగుల ఫైలులో ఆలస్యం 5 అనియే ఉన్నది; దాని క్రింది పంక్తిలో ఉష్ణోగ్రత హద్దు 85. లోపం ప్రోగ్రాంలోని స్విచ్‌లో ఉన్నది. ఉష్ణోగ్రత కేస్ చివర బ్రేక్ లోపించినందున, 85 తన చోట చేరి అంతటితో ఆగక, తరువాతి కేస్‌లోకి జారి ఆలస్యపు విలువను కూడా మార్చివేసినది. పరీక్షలోనే బయటపడినది గనుక బేరింగు దక్కినది.

ఆ కేస్ వ్రాసినది నేనే. అజాగ్రత్త అని ఒప్పుకొని ఊరుకోవచ్చును. కాని 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరవాణి వ్యవస్థ సుమారు 9 గంటలు అస్తవ్యస్తం కావడానికి కూడా సీ భాషలో చోటు తప్పిన ఒక బ్రేక్ కారణమైనది. తప్పుకు తావిచ్చే అమరికనే మార్చుకొనుట మేలు.

సీ భాషలో స్విచ్ పూర్ణాంకాలనే పోల్చగలదు, పేర్లను పోల్చలేదు. కనుక ప్రతి సెట్టింగుకు ఒక సంఖ్య, పేరును ఆ సంఖ్యగా మార్చే పోలిక, ఒక కేస్ అవసరమవుతాయి. 40 సెట్టింగులంటే 120 చోట్ల వ్రాత.

దీనికి బదులు పట్టిక వేయవచ్చును. ఒక్కొక్క సెట్టింగుకు ఒక్కొక్క వరుస: పేరు, రకం, కనిష్ఠ గరిష్ఠ విలువలు, విలువను ఉంచవలసిన చిరునామా. చదివే ఫంక్షన్ ఒక్కటే; అది పేరును వెదకి, విలువను సరిచూచి, ఆ చిరునామాలో ఉంచుతుంది. కొత్త సెట్టింగుకు ఒక వరుస చేర్చితే చాలును. మరచిపోవడానికి బ్రేక్ ఉండదు. పేర్లు అక్షరక్రమంలో ఉంటే బీసెర్చ్ ఫంక్షన్ 100 పేర్లలోనైనా 7 పోలికలకు మించకుండా వెదకగలదు.

రెండు జాగ్రత్తలు అవసరం. పట్టికలో లేని పేరు ఫైలులో కనబడితే మౌనంగా దాటవేయరాదు. పంక్తి సంఖ్యతో సహా తెలియజేయవలెను. లేనిచో అక్షరదోషమున్న సెట్టింగు అమలు కాకపోయినా ఎవరికీ తెలియదు. ఇక ఒకదానిపై ఒకటి ఆధారపడే విలువలను, ఉదాహరణకు హెచ్చరిక హద్దు, నిలుపుదల హద్దులను, ఫైలు మొత్తం చదివిన పిమ్మట విడిగా సరిచూడవలెను.

పట్టికవల్ల మరొక లాభం మాకు తరువాత తెలిసినది. స్విచ్‌ను ప్రోగ్రామర్లే చదువగలరు. పట్టికను పంపుహౌసు సిబ్బంది కూడా చదువగలరు. అలారం ఆలస్యం ఎంతవరకు ఉండవచ్చునో మాకంటె వారికే బాగుగా తెలియును. ఆ వరుసలోని గరిష్ఠ విలువను సరిదిద్దినది వారే.