అది వాలి చితి కాదు, పేడ దిబ్బ



హంపి దగ్గర నింబాపురం వెళ్లాను. గుళ్లు చూసే జనంలో ఈ బూడిద దిబ్బ దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆగినవాళ్లకు దొరికే కథ ఒక్కటే: రాముడు చంపిన వాలిని కాల్చింది ఇక్కడేనట.

కాదు. అది పేడ. క్రీ.పూ. 3000 ప్రాంతం నుంచి దక్కనులో పశువుల్ని మేపిన జనం దొడ్లలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చారు. అలా లేచినవే ఈ దిబ్బలు. 1957లో ఆల్చిన్ పాలమూరు జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాద్‌ది కాదు) తవ్వితే దడి గుంజలు పాతిన గుంటలు, పశువుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. కర్ణాటకలోని బూదిహాళ్‌లో కె. పద్దయ్య తవ్వితే దిబ్బ పక్కనే పశువుల్ని కోసిన చోటు దొరికింది. ఎముకలు, రాతి పనిముట్లతో సహా.

పేడను కాల్చడం ఒక ఆచారం, పశువు వాళ్లకు పూజనీయం అంటారా? కావచ్చు. ఆల్చిన్ కూడా దాన్ని పండగలతో ముడిపెట్టి చూశాడు. అయితే ఏంటి? మొక్కిన చేతులే కోశాయి, కోసిన చేతులే వండుకున్నాయి. ఈ రెండూ పొసగవని తీర్పు చెప్పింది తర్వాతొచ్చిన శాస్త్రాలు.

వాళ్లే మాలలు, వాళ్లే మాదిగలు అని నేననను. కులం పుట్టని కాలానికి కులం అంటగట్టడం మన పని కాదు. నేననేది ఇంతే: పేడ ఎత్తడం, గొడ్డును కోయడం, ఆ కూర తినడం ఒకప్పుడు ఊళ్లోనే జరిగిన పనులు. ఆ పనులు చేసేవాళ్లను ఊరి బయటికి నెట్టింది ప్రకృతి కాదు, మనుషులు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1948లోనే విప్పి చూపారు.

2012లో ఉస్మానియాలో పెద్దకూర పండగ పెడితే సంస్కృతి పేరుతో అడ్డుకున్నారు, ఘర్షణలు జరిగాయి. ఏ సంస్కృతి? ఎన్నేళ్లది? ఈ నేల కింద ఐదువేల ఏళ్ల జవాబుంది.

ఆ జవాబు కరిగిపోతోంది. ఎన్నో దిబ్బల్ని తవ్వి బూడిదను పొలాలకు ఎరువుగా తోలేశారు. రైతును తిట్టకండి, అదేంటో అతనికి చెప్పినవాళ్లు లేరు. పాలమూరు, అనంతపురం, రాయచూరు, బళ్లారి విద్యార్థులారా, మీ దగ్గరి దిబ్బ ఎక్కడుందో కనుక్కోండి. ఫొటో తీయండి, కొలవండి, ఊళ్లో పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పండి. బోర్డు పెట్టమని కలెక్టరుకు అర్జీ రాయండి. మనం చెప్పకపోతే ఇంకో చితి కథ పుడుతుంది.

జై భీమ్.