డైరెక్టరీ హెచ్చరికలకు కారణము చెప్పింపవలయును

డెబియన్ ప్యాకేజీలను నిర్మించువారికిని, సర్వర్లను కాచుకొని యుండు నిర్వాహకులకును విజ్ఞప్తి.

2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12 నుండి 2025 ఆగస్టులో వెలువడిన 13కు అప్‌గ్రేడ్ చేయునపుడు, ‘/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్’ వంటి పాత డైరెక్టరీని తొలగింపలేకున్నాననియు, అది ఖాళీగా లేదనియు, ప్యాకేజీలను స్థాపించి తొలగించు పరికరమైన డీపీకేజీ హెచ్చరించుట కలదు. చూచినవాని గుండె ఝల్లుమనుట సహజమే గాని, ఇందు చెడినదేమియు లేదు. ‘/లిబ్’ అనునది నేడు ‘/యూఎస్ఆర్/లిబ్’కు వేసిన సింబాలిక్ లింకు మాత్రమే. ప్యాకేజీలు తమ ఫైళ్లను కొత్త పేరున నమోదు చేసికొనగా, లింకు సంగతి గణింపని డీపీకేజీ, పాత పేరును తుడిచివేయబోయి, తాను అప్పుడే నింపిన డైరెక్టరీనే తట్టుచున్నది. వీధి వాకిట సామాను దింపించి, దొడ్డివాకిటికి పోయి ‘ఈ యిల్లింకను ఖాళీ కాలేదేమి?’ యని గద్దించినట్లు. ఖాళీ కాని డైరెక్టరీని ఆర్ఎమ్‌డిర్‌తో తొలగింపరాదను నియమమును కెర్నెల్ విడువదు గనుక, మన అదృష్టవశమున, హెచ్చరికతోనే పోవుచున్నది.

అయితే భయపడిన నిర్వాహకుడు, ఫైలు ఏ ప్యాకేజీదో వెదకు ‘డీపీకేజీ -ఎస్’ ఆదేశముతో పాత పేరుననే విచారించెనా, అట్టి దారి యేదియు లేదను సమాధానము రావచ్చును. దిక్కులేని సొత్తని తలచి, ఆ పేరు మీద ‘ఆర్ఎమ్ -ఆర్ఎఫ్’ కొట్టినచో సర్వీసుల యూనిట్ ఫైళ్లు మాయమై, మరుసటి రీబూటున సర్వరు లేవదు. ఇంతటి అనర్థమునకు త్రోవ చూపునది హెచ్చరికయా?

వేఱొక కీడును గలదు. పైథాన్ నడచునపుడు పుట్టిన పైకాష్ ఫైళ్లు మిగిలినను, ఎవరో చేతితో వ్రాసి దాచిన కాన్ఫిగరేషను మిగిలినను డీపీకేజీ పలుకునది ఆ మాటయే. నిరపాయమైన దానికిని, చూడవలసిన దానికిని ఒకటే కేక యైనపుడు జనులు దేనినీ వినరు.

కావున తొలగింపబూనుటకు ముందు డీపీకేజీ లింకును విప్పి, పాతకొత్త పేర్లు రెండును ఒక డైరెక్టరీకే చెందినచో మౌనముగా సాగిపోవలయును. నిజముగా మిగిలిన ఫైలున్నచో దాని పేరైనను తెలుపవలయును. తమ ప్రోగ్రాము పుట్టించిన ఫైళ్లను తొలగింపు స్క్రిప్టులోనే ఊడ్చుట ప్యాకేజీ నిర్మాతల విధి.

నిర్వాహకులారా! అంతవరకు ‘రీడ్‌లింక్ -ఎఫ్’తో అసలు దారి కనుగొని, ఆ పేరుననే యజమాని యైన ప్యాకేజీని విచారింపుడు, యజమాని లేని ఫైలునైనను చదివి చూడక ముట్టకుడు. కారణము చెప్పని హెచ్చరిక కనబడినపుడెల్ల, ఆ పంక్తిని ఉన్నదున్నట్లు జోడించి, రిపోర్ట్‌బగ్ ద్వారా డెబియన్‌కు పంపుడు.