బాలింత చేతిలో చదువరాని కాగితం

కొంతకాలం క్రిందట బర్గూరు సమీపపు పల్లె నుండి ఒక పెద్దావిడ కోడలి వైద్యపు కాగితాలు పట్టుకొని నా వద్దకు వచ్చింది. కోడలిది స్థూలకాయం. రెండవ కాన్పు శస్త్రచికిత్సతో జరిగింది. ఇంటికి వచ్చిన నాలుగవనాడు కుట్టు చుట్టూ ఎర్రబారింది. ఆరవనాటికి రసి కారింది. ఎనిమిదవనాడు కుట్టు విచ్చుకొంది. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తితే, “చెప్పినట్టు ఎందుకు చేయలేదు?” అని గద్దించారట. “వాళ్లు చెప్పింది మాకు తెలిస్తే కదా నాయనా చేసేది!” అన్నది ఆమె.

ఆ కాగితం సగం తమిళం, సగం ఆంగ్లం. కోడలు కుప్పం వైపు నుండి వచ్చిన పిల్ల. పదవ తరగతి దాకా తెలుగులో చదివింది. అత్త తమిళం మాట్లాడగలదు, చదవలేదు. తమిళం చదవగలిగిన భర్త హోసూరులో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. సరిహద్దు తెలుగు ఇళ్లలో ఇది అరుదైన సంగతి కాదు.

ఇందులో ఆ తల్లి దోషమేమీ లేదు. చర్మం క్రింది కొవ్వు పొరకు రక్తప్రసరణ తక్కువ. రక్తం తగినంత అందనిచోట ప్రాణవాయువు, మందు, సూక్ష్మజీవులతో పోరాడే కణాలు కూడా తక్కువగానే చేరుతాయి. పొట్ట మడత కుట్టుమీద వాలి చెమటను, తేమను నిలుపుతుంది. మధుమేహం తోడైతే గాయం మానడం మరింత ఆలస్యమవుతుంది. అందుకే కోతకు ముందే యాంటీబయాటిక్ ఇవ్వడం, కొవ్వు పొర 2 సెంటీమీటర్లు మించితే దానిని విడిగా కుట్టడం వైద్యులు పాటించే జాగ్రత్తలు. అంతవరకు బాధ్యత ఆసుపత్రిది. అయితే చీము పట్టడం తరచు బయటపడేది ఇంటికి చేరిన తరువాతనే. అప్పుడు కనిపెట్టి ఉండవలసినవారు ఇంటివారు. వారికి తెలియని భాషలో చెప్పిన జాగ్రత్త చెప్పనిదానితో సమానం.

ఇది కొద్దిమంది సమస్య కూడా కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో కాన్పులలో 44.9 శాతం సిజేరియన్లే. స్త్రీలలో 40.4 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలవారు.

బాలింతకు ఆమె భాషలో చెప్పవలసినవి ఎన్నో లేవు. మడత క్రింది భాగాన్ని శుభ్రపరచి, మెత్తని బట్టతో అద్ది పొడిగా ఉంచాలి. కుట్టు ఆమెకు కనబడదు కనుక రోజూ మరొకరు చూడాలి. పసుపు, బూడిద, పౌడరు అద్దరాదు. ఎరుపు వ్యాపించినా, చీము, దుర్వాసన వచ్చినా, కుట్టు విడినా, జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి. కాలు వాచి నొప్పిపెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే 108కి ఫోను చేయాలి. పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఇళ్లలో నేటికీ ఉంది. నిజానికి గాయం మానడానికి మాంసకృత్తులు అవసరం. పప్పు, గుడ్డు, పాలు మాన్పించడం కీడే చేస్తుంది. అత్తగారి నమ్మకాన్ని మార్చగలిగేది ఆమె భాషలో ఓపికగా చెప్పిన మాటే.

ఇది దయగా అడుగుతున్నది కాదు. రోగికి తెలిసిన భాషలో, ఆమెకు అర్థమయ్యే రీతిలో సమాచారం పొందే హక్కు 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. జిల్లాలోగాని తాలూకాలోగాని జనాభాలో 15 శాతం మాట్లాడే అల్పసంఖ్యాక భాషలోకి ముఖ్యమైన ప్రకటనలను అనువదించి ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో ఒకటి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం మన ఫిర్యాదును ఏ అధికారికైనా తెలుగులోనే వ్రాసి ఇవ్వవచ్చు.

మన లోపమూ ఒప్పుకోవాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడికి వెళ్లిన మన పిల్లలలో చాలామంది తెలుగు మాట్లాడగలరేగాని చదవలేరు. కనుక తెలుగు కాగితం ఒక్కటే చాలదు. తెలుగు తెలిసిన నర్సు ఇంటికి పంపేముందు బాలింతకూ, వెంట ఉన్నవారికీ నోటితో చెప్పాలి. విన్నదానిని వారిచేత తిరిగి చెప్పించాలి. మన ఆసుపత్రులలో తెలుగు వచ్చిన సిబ్బంది ఉన్నారు. ఆ పనిని వారి విధిగా గుర్తించాలి. తమిళంపై నాకు ద్వేషం లేదు. తమిళ కాగితం ప్రక్కన మరొక కాగితం చేరడంవల్ల తమిళానికి కలిగే లోటు ఏమీ లేదు.

ఆ కోడలి గాయం మానడానికి చాలా వారాలు పట్టింది. చంటిబిడ్డను ఒడిలోకి తీసుకోవడానికే ఆమె భయపడింది. మీ ఇంట కాన్పు ఉంటే, ఇంటికి బయలుదేరేముందు ధైర్యంగా అడగండి: “ఇదంతా మాకు తెలుగులో చెప్పండి.” చెప్పకపోతే తెలుగులోనే అర్జీ వ్రాయండి. వ్రాయడం రాకపోతే, వ్రాసిపెట్టడానికి మేమున్నాము.