పగలు పాడకూడని ఇల్లు

సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు కోసం నిలబడి ఉండగా హార్మోనిస్టు బాబాయి గారు అడిగారు: "ఏవండీ మేష్టారూ, ఆ పిల్ల ఏ రాగంలో ఏడుస్తుందండీ?"

పద్యనాటకాలకు పెట్టె వాయించి వాయించి అరిగిన వేళ్లు ఆయనవి. హరిశ్చంద్రలో చంద్రమతి లోహితాస్యుణ్ణి ఒళ్లో వేసుకుని కూర్చుంటే ఏ మెట్టు మీద వేలు పడాలో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఈసారి మా ఊరి ఆడపిల్లలు కొందరు ఆన్ ఫ్రాంక్ డైరీని పాటల నాటకంగా ఆడతామని పట్టుబట్టారు. మాటలు నన్ను రాయమన్నారు, బాణీలు ఆయన్ని కట్టమన్నారు. పంటు వచ్చింది, ఎక్కాం, వశిష్ఠ దాటి అవతలి గట్టు చేరాం. ఆయన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. ఈ నెల సంపాదకీయం దానికి ఇచ్చుకోవలసిన జవాబే.

దుఃఖాన్ని పాడొచ్చా అన్న సందేహం తెలుగువాడికి రాదు. చావింట్లో మన ఆడవాళ్లు రాగాలు తీసి ఏడుస్తారు. పోయినవాడి గుణాలన్నీ వరసగా ఆ రాగంలోకి వచ్చేస్తాయి. కాటిసీను పద్యాలు విని కన్నీళ్లు తుడుచుకుంటూనే వన్స్ మోర్ అని కేకలు వేసిన జనం మనం. ఐరోపాలో మాత్రం ఆ సందేహమే పెద్ద తగవైంది. 2008లో మాడ్రిడ్‌లో ఈ డైరీని సంగీత నాటకంగా ఆడినప్పుడు, తండ్రి ఒట్టో ఫ్రాంక్ బాసెల్‌లో నెలకొల్పిన సంస్థ ఒప్పుకోలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ దాక్కున్న ఇంటినే మ్యూజియంగా నడుపుతున్న సంస్థ సాయం చేసింది. ఒకే పిల్ల జ్ఞాపకాన్ని కాపాడుతున్న రెండు ఇళ్లు చెరో దారి పట్టాయి. పాట వస్తే అది వినోదమైపోతుందని ఒకరి భయం, పాట ఉంటే కొత్త తరం వింటుందని ఇంకొకరి ఆశ. రెండూ న్యాయమే. కానీ మా రేవులో పుట్టిన ప్రశ్న వేరు. ఆ ఇంట్లో అసలు చప్పుడు చేయకూడదు కదా, మరి పాట ఎక్కడినుంచి వస్తుంది?

1942 జూన్ 12న పదమూడో పుట్టినరోజుకి ఆన్‌కి ఆ డైరీ వచ్చింది. నాజీల బారి నుంచి తప్పించుకోవడానికి జులై 6న ఆ యూదు కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్లింది. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263లో తండ్రి కంపెనీ వెనక భాగం అది. డచ్చిలో పుస్తకానికి ఆమె అనుకున్న పేరుకి అర్థం కూడా 'వెనకిల్లు' అనే. రెండు కుటుంబాలూ, తర్వాత వచ్చిన పళ్ల డాక్టరూ కలిపి ఎనిమిదిమంది. కింద గోడౌన్లో కూలీలు పనిచేస్తున్నంతసేపూ అడుగు చప్పుడు కాకూడదు, కుళాయి తిప్పకూడదు, దగ్గొస్తే దిగమింగాలి. సాయంత్రం ఐదున్నరకి పనివాళ్లు వెళ్లిపోయాకనే ఆ ఇంటికి గొంతు వచ్చేది. ఇలా రెండేళ్ల పైచిలుకు గడిచింది. 1944 ఆగస్టు 4న పట్టుబడ్డారు. 1945 తొలినెలల్లో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో అక్క మార్గో, వెనకే ఆన్ చనిపోయారు. ఎనిమిదిమందిలో తిరిగొచ్చినవాడు తండ్రి ఒక్కడే. ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ ఏరి దాచిన కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. 1947లో పుస్తకం అచ్చయింది.

డైరీ పవిత్రం, దాన్ని ఎవరూ తాకకూడదు అనే మాట నాకు నచ్చదు. దాన్ని మొదట తాకింది ఆన్ చేతులే. 1944 మార్చి చివర లండన్ రేడియోలో ఓ డచ్చి మంత్రి, యుద్ధకాలపు డైరీలూ ఉత్తరాలూ దాచుకోండి, తర్వాత దేశానికి కావాలి అన్నాడు. అది విన్నాక ఆమె తన డైరీని విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొట్టేసింది, కలిపింది, మనుషులకు మారుపేర్లు ఆలోచించింది. పదిహేనేళ్ల పిల్ల తన బతుకును పుస్తకంగా దిద్దుకుంటూ ఉండగానే పోలీసులు మెట్లెక్కారు. కాబట్టి మనం స్టేజీ మీదికి తెస్తున్నది ఒక పసిదాని ఏడుపును అనుకుంటే ఆమెను చిన్నచేసినట్టే. ఆమె రచయిత్రి. మన పత్రికకు కథ పంపే ఏ రచయిత్రికి ఎంత మర్యాద ఇస్తామో, ఆమె వాక్యానికీ అంత ఇవ్వాలి.

ఆ మర్యాద తప్పితే ఏమవుతుందో 1955లోనే తెలిసింది. న్యూయార్క్‌లో ఆడిన గుడ్రిచ్, హాకెట్ దంపతుల నాటకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది, లోకమంతా ఆడింది. కానీ స్టేజీకి నవ్వించే పాత్ర కావాలి కదా, పళ్ల డాక్టర్ ఫ్రిట్జ్ ఫెఫర్‌ని తన మతం పండగ కూడా తెలియని అమాయకుడిగా చూపించారు. అసలు మనిషి మతనిష్ఠ గలవాడు, శిబిరంలోనే చనిపోయాడు. బయట మిగిలిన ఆయన ఇల్లాలు అది విని కుమిలిపోయింది. మన హరిశ్చంద్రలో నక్షత్రకుడు ఎన్ని వేషాలు వేసినా బాధపడేవాళ్లు లేరు. ఇక్కడ ప్రతి పాత్ర వెనకా ఒక ఇల్లుంది. నాటకం చివర్లో మనుషుల మంచితనం మీద ఆన్ పెట్టుకున్న నమ్మకాన్ని చెప్పి తెర దించారు. ఆ మాట 1944 జులై 15న ఆమె రాసిందే. అయితే ఆ పక్కనే, లోకం ఎడారవుతోందనీ, తమవైపు వస్తున్న ఉరుము వినిపిస్తోందనీ కూడా రాసింది. ఉరుము తీసేసి వెన్నెల మిగిల్చారు. మా పిల్లలతో నేను గట్టిగా చెప్పింది ఇదొక్కటే: ఆ రెండూ కలిపి పలకండి, లేదా రెండూ వదిలేయండి.

అదే నాటకం 1956 అక్టోబర్ 1న జర్మనీలో ఒకేసారి ఏడు ఊళ్లలో మొదలైంది. బెర్లిన్‌లో తెరపడ్డాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలాగే లేచి, తలలు వంచుకుని, బయటికి నడిచారు. వన్స్ మోర్‌కి అలవాటుపడ్డ మన పందిళ్లలో ఆ నిశ్శబ్దం వస్తుందా? హార్మోనిస్టు బాబాయి గారికి ఇది చెప్తే చాలాసేపు మాట్లాడలేదు.

మనకూ యుద్ధాన్ని పాడిన కథలున్నాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కోటలో ఆడవాళ్లు, పిల్లలు అయినవాళ్ల చేతుల్లోనే పోయారు. జంగం కథలవాళ్లు దాన్ని ఊరూరా పాడారు. కానీ ఆ కథలో తాండ్ర పాపారాయుడున్నాడు. రాత్రి డేరాలో దూరి శత్రువు విజయరామరాజుని పొడిచినప్పుడు, విన్నవాడి గుండె బరువు సగం దిగుతుంది. ఆన్ కథలో పాపారాయుడు లేడు. పగ తీరదు. కథకు చివర కూడా లేదు, 1944 ఆగస్టు 1 మంగళవారం నాటి రాత దగ్గర ఆగిపోతుంది. తర్వాత జరిగింది మనకు తెలుసు, రాసిన పిల్లకు తెలియదు. అందుకే స్టేజీ మీద చావు చూపించవద్దన్నాను. కాటిసీను కట్టగల సత్తా ఉన్నవాళ్లకు ఇది కష్టమైన నియమమే.

ఇక పాట ఎక్కడినుంచి వస్తుంది? డైరీలోనే ఉంది. పక్కనున్న చర్చి గడియారం పావుగంటకోసారి గంటలు కొట్టేది. ఇంట్లో మిగతావాళ్లకు అది చికాకు, ఆన్‌కి తోడు. తర్వాత ఆ గంటల్ని కరిగించడానికి ఎత్తుకుపోయారు, ఆ పిల్లకు వేళే తెలియకుండా పోయింది. 1944 ఏప్రిల్ 9 ఆదివారం సాయంత్రం రేడియోలో మోజార్ట్ కచేరీ విని ఎంతో మురిసింది. అదే రాత్రి గోడౌన్లో దొంగలు పడ్డారు. పోలీసుల అడుగులు వెనకింటి తలుపును దాచిన పుస్తకాల బీరువా దాకా వచ్చి వెనక్కి వెళ్లాయి. ఎనిమిదిమందీ చీకట్లో ఊపిరి బిగబట్టి ఆ రాత్రంతా గడిపారు. ఒకే రోజులో సంగీతం, దాని వెనకే ఊపిరాడని నిశ్శబ్దం. ఇంతకన్నా గొప్ప సీను ఏ నాటకకర్త కట్టగలడు?

సోవియట్ సంగీతకారుడు గ్రిగోరీ ఫ్రీద్ 1968లో ఈ డైరీని ఒకే ఒక్క స్త్రీ గొంతు కోసం ఇరవయ్యొక్క చిన్న సీన్లుగా కట్టాడు. అందరి మాటా ఆ గొంతులోంచే. వింటే నాకు మన హరికథే గుర్తొచ్చింది. నిలబడిన ఒక్క మనిషే తల్లీ, తండ్రీ, శత్రువూ అవుతుంది. పదిమంది వేషగాళ్లకంటే ఈ కథకు అదే తగినది. డైరీ కూడా ఒక్క గొంతే కదా, ఊహలో పుట్టిన కిట్టీ అనే చెలికి రాసుకున్న ఉత్తరాలే కదా.

ఎక్కడో హాలెండు పిల్ల కథ కోనసీమలో ఎందుకండీ అని ఒక పెద్దాయన అడిగారు. ఆన్ చేతికి ఆ డైరీ రావడానికి రెండు నెలల ముందు, 1942 ఏప్రిల్ 6న, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. అంతకు ముందు డిసెంబర్ 23న రంగూన్ మీద పడ్డాయి. రంగూన్ రేవుల్లో మూటలు మోసిన మనవాళ్లను అక్కడ కోరంగీలనేవారు. మన గోదావరి చివరనున్న కోరంగి పేరే అది. లక్షలమంది అడవుల్లో, కొండల్లో నడిచి ఇండియా చేరారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలమంది. ఆ నడకలో ఎవరి చేతిలోనూ నోటుపుస్తకం లేదు, మూటా పిల్లా ఉన్నాయి. వాళ్ల డైరీ ముసలమ్మల నోళ్లలో ఉండిపోయింది. ఆన్ కథ ఆడుతూ ఆడుతూ, మా ఊళ్లో ఎవరో ఒక మనవరాలు ఇంటికెళ్లి "మామ్మా, మన తాతలు బర్మా నుంచి ఎలా వచ్చారే?" అని అడుగుతుందని నా ఆశ. అడిగితే, అది రాసి మాకు పంపండి. ఈ పత్రిక పేజీలు అందుకోసం తెరిచే ఉంటాయి.

మొన్న రిహార్సల్‌కి వెళ్లాను. నియమం ఒకటి పెట్టుకున్నారు: కథలో పగలు జరిగే సీన్లలో పాట లేదు, సాయంత్రం ఐదున్నర దాటాకే పాట. పగటి సీను వచ్చింది. ఆ పిల్ల వేషం వేసిన అమ్మాయి చాప మీద కూర్చుని రాసుకుంటోంది. బాబాయి గారు మెట్ల మీంచి వేళ్లు తీసేసి, తిత్తి మాత్రం మెల్లగా ఆడిస్తున్నారు. పాత పెట్టె. ఏ స్వరమూ పలకలేదు, ఊపిరి తీసి వదులుతున్నట్టు గాలి మాత్రం వినపడింది. నావైపు తిరిగి, "ఇదేనండీ ఆ రాగం," అన్నారు.