అచ్చుచిత్రముల విక్రయము – ఎంచువాని ధర్మము

భద్రాచలయాత్ర కేగి వచ్చు వైరావాసి సీతారాముల పటమొకటి కొనితెచ్చి గోడకుఁ దగిలించుకొనును. మన జనులకుఁ జిత్రములయెడఁ బ్రీతి లేదనువారి కీ గోడయే ప్రత్యుత్తరము. ప్రీతి యున్నది, లేనిది మంచి చిత్రము చేతికందు మార్గము. తైలవర్ణచిత్రము ధనికుని మందిరమును జేరును. సామాన్యగృహస్థునకుఁ దగినది అచ్చుచిత్రము. అట్టి చిత్రముల విక్రయము జరుగునపుడు, వాని నెంచు భారమును వర్తకుఁడు తానే వహింపక యొక చిత్రకారుని అతిథిగాఁ బిలిచి యప్పగించు పద్ధతి నేఁడు కలదు. దానిని మేము స్వాగతించుచున్నాము. కాని కొన్ని నియమములతో.

ముందుగా నొక భ్రమను దొలఁగింపవలెను. 1894 లో రాజా రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రాలయమునుండి వెలువడిన దేవతాచిత్రములు ఆయన తైలచిత్రములకుఁ బ్రతులు. వానివలన దేశమునకుఁ గలిగిన మేలు గొప్పదే. మేము చెప్పు అచ్చుచిత్రము వేఱు. చిత్రకారుఁడు లోహఫలకముపైననో, ఱాతిపైననో, కొయ్యపైననో స్వయముగా రచించి, పరిమితసంఖ్యలో ముద్రలు దీసి, ప్రతిదానిపైనను సంఖ్య వేసి చేవ్రాలు చేయును. 12/50 అని యుండినచో, అది 50 ముద్రలలోఁ బండ్రెండవది. 51 వది పుట్టదని కొనువానికిచ్చిన వాగ్దానము కూడ నందే యున్నది.

ఈ విద్య మనకుఁ బరాయిది కాదు. 1930 లో మహాత్ముఁడు దండికి నడచినపుడు నందలాల్ బోసు లినోలియముపైఁ జెక్కి యచ్చొత్తిన చిత్రమును జూడుఁడు: నల్లని నేలపైఁ దెల్లని గీతలు, చేతికఱ్ఱ, ముందుకు సాగిన యడుగు. ఆ కొలఁది గీతలలో నొక యుద్యమమంతయు నిలిచినది. ఆ నందలాలునికి శాంతినికేతనమున శిష్యుఁడై, చిత్తూరుజిల్లా నందనూరున 1925 లోఁ బుట్టిన కృష్ణారెడ్డి పారిసునకేగి, హేటరు కార్యశాలలో, సిరాల చిక్కఁదనమునందలి భేదము నాధారముగాఁ గొని యొకే ఫలకమునుండి పలురంగుల నచ్చొత్తు విధానమును రూపొందించినవారిలో ముఖ్యుఁడయ్యెను. 2018 లో ఆయన కాలధర్మము నొందెను. మెదకు ప్రాంతమున 1940 లో జన్మించిన లక్ష్మాగౌడు మేఁకలను, పల్లెజనులను లోహఫలకములపై కెక్కించి ప్రసిద్ధుఁడయ్యెను. ఈ పేరులు మన యిండ్ల నెన్నింట విననగుచున్నవి?

విక్రయమునకుఁ జిత్రకారుఁడే యేల యెంచవలెను? వర్తకుఁడు నిన్న నమ్ముడుపోయినదానిని జూచును; చిత్రకారుఁడు రేపు నిలువఁగల దానిని జూచును. లండను రాయల్ అకాడమీవారి వేసవి ప్రదర్శనము 1769 మొదలు ఏఁటేఁట జరుగుచున్నది; అందుఁ జిత్రముల నెంచువారు చిత్రకారులే, ఎంచినవానిలో ననేకము విక్రయమునకుఁ బెట్టఁబడును. అయినను ఖమ్మము మిర్చిసంతలోఁ దూచువాఁడే కొనువాఁడైనచో రైతు గతి యేమగునో మన మెఱుఁగుదుము. చిత్రకారునకును మిత్రులుందురు, శిష్యులుందురు, పక్షపాతముండును. కావున నెంచువాఁడు తన చిత్రముల నందుఁ జేర్పరాదు. చేర్చినచో నా సంగతి బాహాటముగాఁ జెప్పవలెను. అతని ప్రతిఫలము ముందే నిర్ణీతమై యుండవలెను గాని యమ్మకములో వాటా కారాదు. ప్రతిచిత్రమునకును ముద్రల సంఖ్యయు, అచ్చొత్తిన విధమును వ్రాసియుంచవలెను. యంత్రముపైఁ దీసిన ఛాయాప్రతిని మూలముద్రయని యమ్ముట మోసము. దానికిఁ బ్రసిద్ధుని పేరు తోడగుట మఱింత మోసము.

న్యాయవాదవృత్తి యందున్న మావంటివారు గమనింపవలసిన లోపమొకటి చట్టములోనే కలదు. 1957 నాఁటి కాపీరైటు చట్టము కళాకృతిని నిర్వచించుచు వర్ణచిత్రమును, శిల్పమును, రేఖాచిత్రమును, చెక్కుడుచిత్రమును బేర్కొన్నది. 1994 లోఁ జేర్చిన 53-ఏ సెక్షను, పదివేల రూపాయలకు మించి కృతి మరల నమ్ముడుపోయినపుడు నూటికిఁ బదికి మించని వాటా కర్తకో, వారసులకో చెందుననుచున్నది. కాని యా సెక్షనులోఁ గళాకృతులయందు వర్ణచిత్రము, శిల్పము, రేఖాచిత్రము మాత్రమే కలవు. చెక్కుడుచిత్రము పేరు లేదు. నిర్వచనమునఁ బీట వేసి, భోజనమున విస్తరి వేయకుండుట యిది. ముద్రలు పెక్కుగా నుండును గనుక వాటా కూడదని కొందఱందురు. వేయిముద్రల చిత్రమునకుఁ బదివేల ధర పలుకుట యరుదు. పలికినచో నది కర్తయొక్క కీర్తిచేతనే కదా! శాసనకర్త లీ లోపమును దిద్దవలెను.

వైరా జలాశయమున నీరెంత యున్నను కాలువ లేనిచోఁ జేను పండదు. మన కళాసంపద ఢిల్లీ, హైదరాబాదు మందిరములలో నిండియున్నది, కాలువలు త్రవ్వవలసియున్నది. కావున నిట్టి విక్రయమును నడపువారు నగరముతోఁ దృప్తి చెందక ఖమ్మమునకు, వైరాకు, భద్రాచలమునకును రావలెను. మన గ్రంథాలయములు, పాఠశాలలు ఏఁటికొక్క ముద్రయైనఁ గొనవలెను. అడవి యంచున నున్న బడిలోఁ జదువు కోయబాలుఁడు మంచిచిత్రము క్రిందఁ గూర్చుండి యక్షరములు దిద్దుట విలాసము కాదు, వాని హక్కు. ఎంచువాఁడు నిష్పక్షపాతియై, అమ్మువాఁడు సత్యవాదియై, కొనువాఁడు తెలిసినవాఁడై యున్ననాఁడే యీ వర్తకము ప్రజాసేవ యగును.